తొట్టిలో వదిలిన నీళ్లు

చౌటకుంట ఫైర్ స్టేషన్,
2 మార్చి 2025.

మామా,

నీ అల్లుడు నిన్న రాత్రి మొదటిసారి నైట్ డ్యూటీ చేశాడు. ఒక్క కాల్ కూడా రాలేదు. అయినా తెల్లవారి టీ అంగడికి పోతే అంగడాయన నా మొహం చూసి "ఎవురన్నా పోయినారా అప్పా?" అని అడిగాడు. అంత సొంపుగా గడిచింది.

ఉత్తరాలెందుకు, ఫోన్ చేసుకోండి అంటుంది అమ్మ. గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి నువ్వు ఫోన్ ఎత్తితే అవతల గాలి తప్ప ఏమీ వినపడదు. నేనొక్కడినే మాట్లాడుతూ ఉంటే పక్కనున్నవాళ్లు నన్ను వేరేగా చూస్తారు. పైగా నీ చేతిరాత గుండ్రంగా అచ్చేసినట్టు ఉంటుంది. ఇరవై తొమ్మిదేళ్లు రిజిస్టర్లు రాసిన చెయ్యి కదా. అందుకే ఉత్తరమే రాయి. హనుమక్కత్తతో పోస్టులో వేయించు.

రాత్రి తొమ్మిదికి హాజరు. తర్వాత బండి చుట్టూ తిరిగి టైర్లు, పైపులు, నిచ్చెన, ట్యాంకులో నీళ్లు చూడాలి. నాలుగువేల ఐదువందల లీటర్లు ఉన్నాయో లేదో గాజు గొట్టంలో చూసి చెప్పాలి. మిగతావాళ్లు బూట్లలోకి ప్యాంటు ముందే దించిపెట్టుకొని పడుకుంటారు, బెల్లు మోగితే కాళ్లు దూర్చి లేచి పరుగెత్తేలా. ట్రైనీకి మాత్రం పడక లేదు. వాచ్‌రూమ్‌లో ఫోన్ పక్కన కూర్చొని గంటగంటకూ రిజిస్టర్‌లో "అంతా సవ్యం" అని రాయాలి. ఒంటిగంటకు నిద్ర ఆగక, రెండు గంటలదీ మూడు గంటలదీ ముందే రాసిపెట్టాను. లీడింగ్ ఫైర్‌మన్ తిమ్మన్న నీళ్లు తాగడానికి లేచి చూశాడు. చెవి మెలిపెట్టి, "జరిగినాక రాయల్ల. జరగంది రాసేదానికి మనమేమన్నా జ్యోతిష్కులమా?" అన్నాడు. మనిషి మంచివాడు. అక్టోబరులో రిటైరవుతాడట.

ఇక్కడ నీ పేరు చెబితే కుర్చీ వేస్తున్నారు మామా. మంట ఆర్పి తిరిగి వచ్చేముందు ట్యాంకులో మిగిలిన నీళ్లను ఆ ఊరి గొడ్ల తొట్టిలో వదిలి రావడం ఈ స్టేషన్‌లో ఆనవాయితీ అట. దాన్ని మొదలుపెట్టింది నువ్వేనట. "సుంకన్న తొట్టి" అంటారు. ఇంతకాలం నాకెందుకు చెప్పలేదు? ఏ ఇంట్లో అయినా ఇలాంటి మాట పదిసార్లు చెప్పుకుంటారు.

అమ్మకు ఈ ఉద్యోగం ఇంకా ఇష్టం లేదు. నాయన నూనె మిల్లు మంటల్లో పోయినప్పుడు మీ బండి దారిలో చెడిపోయి వచ్చేసరికి ఆలస్యమైందని అంటూనే ఉంటుంది. నేను ఆలస్యం కాని బండిలో ఉంటానని చెప్పాను. నవ్వలేదు.

నీ అల్లుడు,
ఓబిలేష్.


పామిడి,
8 మార్చి.

ఒరే అల్లుడూ,

ఉత్తరం అందింది. మీ అత్త చదివి నవ్వింది. నేనూ నవ్వాను, చప్పుడు రాలేదు.

కొన్ని సంగతులు చెబుతాను, తిమ్మన్న చెప్పినా చెప్పకపోయినా. బూట్లు వేసుకునేముందు ప్రతిసారీ తలకిందులు చేసి దులుపు. ఎండాకాలం తేళ్లకు మన బూట్లంటే ఇష్టం. పొగలోకి పోయేటప్పుడు గోడకు ఒక చెయ్యి ఆనించుకొని పో, అదే చేత్తో గోడ పట్టుకొని వెనక్కి రా. గొడ్ల మేత వామి తగలబడినప్పుడు పైన ఎర్రగా కనిపించే మంట కాదు, లోపల కుములుతున్నది అసలు మంట. వామి మొత్తం విప్పి పరిచి తడపకపోతే మీరు స్టేషన్ చేరేలోపే మళ్లీ లేస్తుంది. పైపు మూతి పట్టుకున్నవాడు ఎవరితోనూ మాట్లాడకూడదు.

బండి తిరిగి వచ్చేటప్పుడు ట్యాంకులో సగమైనా నీళ్లు ఉండాలి. తొట్టి, ఆనవాయితీ అని ఎవరు చెప్పినా నువ్వు వాల్వు మీద చెయ్యి వేయవద్దు. ఎవరు ఏడ్చినా సరే.

మీ అమ్మకు మోకాళ్ల మందు తీసుకొని ఇంట్లో పెట్టాను. మీ అత్త వచ్చే శనివారం తెస్తుంది. గొర్రెలు ఎన్ని ఈనాయో రాయి.

దీవెనలతో,
సుంకన్న.


చౌటకుంట,
24 మార్చి.

మామా,

మొదటి మంట ఆర్పాను. బూట్లలో తేలు లేదు, దులిపాను.

మొన్న రాత్రి పదకొండుకు బెల్లు మోగింది. ఎర్రబొమ్మనపల్లిలో వేరుశనగ కట్టె వామి. పొలం గట్టు తగాదాలో ఎవరో అగ్గిపుల్ల గీసి పోయారని ఊరంతా చెబుతోంది, ఎవరన్నది మాత్రం ఎవరూ చెప్పరు. నువ్వు రాసినట్టే కట్టె మొత్తం పరిచి తడిపాం. రెండు గంటలు పట్టింది. నా కనుబొమ్మలు కొంచెం కాలాయి. అమ్మకు చెప్పకు.

ఇక ఇది చదివి కోప్పడతావని తెలిసే రాస్తున్నాను. ట్యాంకులో సగానికి పైగా మిగిలింది. ఆ ఊరికి నీళ్ల ట్యాంకరు వచ్చి ఐదు రోజులైందట. ఎండిపోయిన బోరు పక్కన తొట్టి ఉంది, అడుగున పాచి పెళ్లలు కట్టి ఉంది. తిమ్మన్న నన్ను పిలిచి, "వదులప్పా, మీ మామ పున్నెం" అన్నాడు. వాల్వు తిప్పాను. నీళ్లు తొట్టి అడుగును తాకకముందే దొడ్లలో గొర్రెలు అరవడం మొదలుపెట్టాయి, మామా. వాసన పట్టాయి. ఒక ముసలామె నా చేతులు పట్టుకొని కళ్లకద్దుకుంది. నన్ను ఇంతవరకు ఎవరూ అలా పట్టుకోలేదు.

తిరిగి వచ్చాక తిమ్మన్న రిజిస్టర్‌లో "ట్యాంకు నీరు మొత్తం మంటపై వాడబడినది" అని రాయించాడు. జరగంది రాయొద్దన్నావు కదన్నా అని అడిగాను. "ఇది జరగందేం కాదులే, కొంచెం జరిగిందే" అని నవ్వాడు.

నువ్వు వద్దన్నావు. ఎందుకు వద్దన్నావో రాయలేదు. నువ్వు చేసి పేరు తెచ్చుకున్న పని నేను చేస్తే తప్పా? కారణం ఉంటే రాయి, మానేస్తాను. రెండు గొర్రెలు ఈనాయి, ఒక పిల్ల దక్కలేదు.

ఓబిలేష్.


పామిడి,
29 మార్చి.

ఓబిలేషూ,

నేను చెప్పింది చెయ్యి. కారణం అడగవద్దు. పున్నెం సంపాదించడానికి గుడులున్నాయి, ప్రభుత్వం నీకు బండి ఇచ్చింది దానికి కాదు.

తిమ్మన్నకు నా పేరు ఎత్తవద్దని చెప్పు.

సుంకన్న.


చౌటకుంట,
17 ఏప్రిల్.

మామా,

ఇప్పటికి మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పన్నెండో తేదీ రాత్రి తొమ్మిదిన్నరకు గువ్వలగట్టులో వామి అంటుకుందని కాల్ వచ్చింది. చిన్న వామి. గంటన్నరలో అయిపోయింది. ట్యాంకులో ముప్పావు వంతు మిగిలింది. ఆ ఊరిలోనూ అదే తొట్టి, అదే గొడ్లు. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. తిమ్మన్న, "సగం వదిలి కట్టేయి, సగం ఉండనీ" అన్నాడు. నేను వాల్వు తిప్పాను. సగానికి వచ్చాక కట్టేయమని రెండుసార్లు అరిచాడు కూడా. ఒక గొర్రెల కాపరి నా పక్కనే నిలబడి, "ఇంగొంచేపు ఇడువప్పా, ఎనకాల మంద ఇంగా రాలేదు" అన్నాడు. మన గొర్రెలు గుర్తొచ్చాయి. వినపడనట్టు నిలబడ్డాను. గాజు గొట్టంలో నీళ్లు కనపడకుండా పోయేవరకు వదిలాను. తిమ్మన్న నన్ను తిట్టి, సరేలే, దారిలో నింపుకుందాం అన్నాడు.

బండి ఊరు దాటిందో లేదో కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్. బత్తలపల్లె రోడ్డులో ఉన్న నేతవాళ్ల కాలనీలో ఇల్లు అంటుకుంది, మనిషి లోపల ఉంది అన్నారు. మాకు ఆరు కిలోమీటర్లు. జిల్లాలో మాకంటే దగ్గర ఇంకే బండీ లేదు. నీళ్లు నింపుకునే చోటు దానికి ఎదురువైపు పద్నాలుగు కిలోమీటర్లు. తిమ్మన్న ఒక్క క్షణం కళ్లు మూసుకొని, "ముందు పోదాం పాండ్రా" అన్నాడు. తలుపులు పగలగొట్టవచ్చు, బిందెలతోనైనా చల్లవచ్చు అని. ఏడు నిమిషాల్లో చేరాం. ఈ స్టేషన్ బండి ఇంత త్వరగా ఎక్కడికీ చేరలేదట.

మా సైరన్ విని కాలనీవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. అరుపులు ఆగిపోయాయి. బండి వచ్చేసింది కదా అని వాళ్లందరికీ ధైర్యం వచ్చింది మామా. నేను అది చూశాను.

లోపల ఉన్నది చెన్నమ్మ అనే ముసలామె. తుంటి విరిగి ఏడాదిగా మంచంలోనే ఉంది. కొడుకు గిరి పక్క వీధిలో వేరేవాళ్ల మగ్గం మీద ఉన్నాడు. వైరు కాలి పట్టు నూలుకు అంటుకొని, అక్కడి నుంచి కప్పుకు ఎక్కింది. గిరి తనే పరుగెత్తుకొచ్చి మాతో పాటు పైపు లాగాడు. నేను మూతి పట్టుకొని ఇంటి ముందు నిలబడ్డాను. పంపు వేశారు. రెండు గుక్కల నీళ్లు వచ్చాయి. తర్వాత గాలి వచ్చింది. గిరి నా మొహంలోకి చూసి, "నీళ్లేవన్నా?" అన్నాడు. మళ్లీ మళ్లీ అదే అడిగాడు. పైపు మూతి పట్టుకున్నవాడు మాట్లాడకూడదన్నావు కదా, నేను మాట్లాడలేదు.

తిమ్మన్న తడి గోనె కప్పుకొని లోపలికి పోయాడు. రెండుసార్లు పోయాడు. రెండోసారి కప్పు కూలింది. ఆయన చేతులు మోచేతుల దాకా కాలాయి. ఇంకో స్టేషన్ బండి వచ్చేసరికి నలభై నిమిషాలైంది. అప్పటికి ఆర్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

విచారణ వేశారు. మే ఆరున నా వాంగ్మూలం. తిమ్మన్న ఆసుపత్రి మంచం మీద నుంచే చెప్పాడు, ట్యాంకు మొత్తం గువ్వలగట్టు వామి మీదే వాడేశామని అందరం ఒకే మాట రాద్దామని. అలా రాస్తే ఎవరి తప్పూ ఉండదు. గువ్వలగట్టువాళ్లు కూడా సంతకాలు పెడతారట. వాళ్లు వచ్చి మరీ చెప్పి పోయారు. ఆయన అడుగుతున్నది నా కోసం కూడా. వాల్వు తిప్పింది నేనని ఆయన ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఏం చేయమంటావు? ఈసారి కారణంతో సహా రాయి.

ఓబిలేష్.


పామిడి,
22 ఏప్రిల్.

అల్లుడూ,

తిమ్మన్న చెప్పినట్టే రాయి. నీళ్లన్నీ వామి మీద అయిపోయినాయి అని ఒక్క వాక్యం. అడిగినదానికి మించి ఒక్క మాట చెప్పవద్దు. సంతకం పెట్టి బయటికి వచ్చెయ్యి.

పోయిన మనిషి తిరిగి రాదు. తిమ్మన్నకు ఆరు నెలల సర్వీసు ఉంది, పింఛను ఆగిపోతే అతని ఇల్లు కూలుతుంది. నీకు ఇంకా సర్వీసే మొదలు కాలేదు. మీ అమ్మ నిన్ను ఎలా పెంచిందో నాకు తెలుసు. కొన్నాళ్లు నిద్ర పట్టదు. తర్వాత పడుతుంది.

మీ అమ్మకు ఈ సంగతులేవీ చెప్పకు.

సుంకన్న.


చౌటకుంట,
28 ఏప్రిల్.

మామా,

నీ ఉత్తరంలో చివరి నుంచి రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను. కొన్నాళ్లకు నిద్ర పడుతుందని నీకు ఎలా తెలుసు?

నన్ను బండి ఎక్కనివ్వడం లేదు. నైట్ డ్యూటీ మాత్రం వేస్తున్నారు. వాచ్‌రూమ్ వెనక పాత రిజిస్టర్ల ట్రంకు ఉంది. మొన్న రాత్రి తీశాను. నాయన పోయిన సంవత్సరం 2003 అని నాకు తెలుసు, మే నెల అని తెలుసు. చెదలు సగం తినేశాయి. ముందు పేజీ అసలు లేదు. మిల్లు పేజీ మాత్రం ఉంది. గుండ్రంగా అచ్చేసినట్టున్న అక్షరాలు. ఎవరివో చెప్పాల్సిన పని లేదు.

కాల్ అందినది రాత్రి 12.50. చేరినది 1.05. మృతుడు జయరాముడు, మిల్లు కూలీ. ఆ కింద ఇలా ఉంది: "అంతకుముందు ప్రమాదంలో ట్యాంకు నీరు మొత్తం మంటపై వాడబడినందున..." తర్వాత చెద.

పదిహేను నిమిషాల్లో చేరావు మామా. ఆలస్యం కాలేదు. దారిలో బండి చెడిపోలేదు. మా అమ్మకు ఇరవై రెండేళ్లుగా ఏం చెబుతూ వచ్చావు? ఆ నీళ్లు నిజంగా మంట మీదే వాడావా? వాడి ఉంటే అలాగే రాయి, నమ్ముతాను. వాడకపోతే అదీ రాయి. నేను ఆరో తేదీన ఏం రాయాలో దాన్ని బట్టే ఉంటుంది.

ఓబిలేష్.


పామిడి,
2 మే.

ఓబిలేషూ,

వాడలేదు.

ఆ సంవత్సరం నీకు గుర్తుండదు, నాలుగేళ్లవాడివి. మూడేళ్లుగా వానలు లేవు. గడ్డి లేక, నీళ్లు లేక రైతులు ఎద్దులను సంతకు తోలుకుపోయి వచ్చిన ధరకు వదిలేసి, తిరిగి వచ్చేటప్పుడు పలుపుతాడు భుజాన వేసుకొని నడిచి వచ్చేవారు. నేను ఒక ఊరిలో వామి ఆర్పాను. అప్పటికే రెండు మూడు ఊర్లలో మిగిలిన నీళ్లు తొట్టిలో వదిలి ఉన్నాను, పేరు కూడా వచ్చింది. ఆ రాత్రి సగం ట్యాంకు మిగిలింది. వదలకూడదనే అనుకున్నాను. వేసవి, గాలి ఎక్కువ, ఇంకో కాల్ వస్తుందని మనసు చెబుతూనే ఉంది. ఒక ఆడమనిషి బిందె పట్టుకొని వచ్చి నా ముందు నిలబడింది. "గొడ్లు నాలికలు బయట పెట్టినాయి. ఇడువన్నా" అంది. వదిలాను. చివరి చుక్క దాకా.

తర్వాత మిల్లు. రాత్రి కాపలాకు పడుకున్న కూలీలు లోపల ఉంటారని తెలిసే మిల్లు యజమాని బయట గడియ పెట్టించేవాడు, బస్తాలు పోతాయని. ఇద్దరు వెనక కిటికీలోంచి బయటపడ్డారు. మీ నాయన బయటపడలేదు. షట్టరు లోపలి నుంచి కొట్టే చప్పుడు నేను విన్నాను. అతనని నాకు అప్పటికి తెలియదు. బండిలో ఆ రాత్రి ఉన్నది ఇద్దరమే, డ్రైవర్ యేసన్న, నేను. మేము గడపారతో షట్టరు ఎత్తేలోపు చప్పుడు ఆగింది. చేతిలో పైపు ఉంది, దానిలో నీళ్లు లేవు.

తెల్లవారి యేసన్న, నేను కూర్చొని రిజిస్టర్ రాశాం. నెల తిరగకముందే నేను బదిలీ అడిగి వెళ్లిపోయాను. ఆ తర్వాత కొన్నేళ్లకు యేసన్న చనిపోయాడు. ఇక ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు. నీ చదువు, మీ అమ్మ గొర్రెలు, మోకాళ్ల మందు, అన్నీ నా మంచితనం అనుకున్నారు మీరు. గొంతు బీడీల వల్ల పోయిందని డాక్టరు చెప్పాడు. నేను కాదనలేదు.

తొట్టి ఆనవాయితీ నాతోనే ఆగిపోతుందని అనుకున్నాను. నేను రాసిన అబద్ధం వల్ల అది ఆగలేదు. నీళ్లు వదిలినందువల్ల ఒక మనిషి పోయాడని రిజిస్టర్‌లో రాసి ఉంటే తిమ్మన్న వదిలేవాడు కాదు, నువ్వూ వదిలేవాడివి కాదు. మార్చిలో నువ్వు కారణం అడిగినప్పుడు చెప్పి ఉన్నా చెన్నమ్మ బతికి ఉండేది. ఆ మనిషి చావు నీ మీద సగమే ఉంది. మిగతా సగం నాది.

నిజం రాయి. ఇంతకుముందు రాసిన ఉత్తరం చించెయ్యి. నిద్ర పడుతుందని రాశాను, పట్టదు.

ఒక్కటి అడుగుతాను. ఈ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించవద్దు. నా పరువు కోసం అనుకుంటావు. కాదు. ఏ ఊరని కూడా అడగవద్దు. ఇంతకంటే రాయలేను. కారణం చెప్పకుండా నిన్ను ఒక మాట అడగడం ఇది మూడోసారి, నాకు తెలుసు. ఈ ఒక్కసారి విను.

సుంకన్న.


జంగాలకుంట,
15 మే.

మామా,

ఆరో తేదీన నిజం రాశాను. వాల్వు తిప్పింది నేను, కట్టేయమన్నా కట్టేయనిది నేను అని రాశాను. మిగిలిన నీళ్లు తొట్టిలో వదలడం ఇక్కడ అలవాటని కూడా రాశాను. నీ పేరు రాయలేదు. అధికారి కళ్లద్దాలు తీసి, ఇంకోసారి ఆలోచించుకో అన్నాడు. ఆలోచించుకునే వచ్చానన్నాను. నా శిక్షణ ఆపేశారు, ఇంటికి పంపారు. తిమ్మన్నను సస్పెండ్ చేశారు. ఆసుపత్రికి పోతే కట్లు కట్టిన చేతులు దుప్పటి కిందకి పెట్టుకొని అటు తిరిగి పడుకున్నాడు.

గిరి దగ్గరికి కూడా పోయాను. వాళ్లింటి మగ్గం కాలిపోయి, కింద కాళ్లు పెట్టుకునే గుంత బూడిదతో నిండి ఉంది, దాని అంచున కూర్చొని ఉన్నాడు. చెప్పాను. అంతా విని, "నువ్వు చెప్పినావు, నీకు బరువు దిగింది. నాకేం దిగుతాదప్పా?" అన్నాడు. పొమ్మనలేదు. కూర్చోమనీ అనలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు వద్దన్నది చేశాను. మళ్లీ చేశాను.

నిజం రాసి ఇంటికి వచ్చానన్న పొగరు నా తలలో ఉంది మామా. ఉద్యోగం ఎందుకు పోయిందని అమ్మ అడిగింది. అన్నీ చెప్పాను. తర్వాత నీ ఉత్తరం తీశాను. ఇరవై రెండేళ్లు ఆమెకు అబద్ధం చెప్పారు, ఇంకొక్క రోజు కూడా చెప్పనివ్వను అనుకున్నాను. నువ్వు నీ మొహం దాచుకోవడానికే వద్దన్నావని, కాదని నువ్వు రాసినా, నేను నమ్మలేదు. వాకిట్లో కూర్చోబెట్టి మొదటి నుంచి చదివాను. బిందె పట్టుకొని ఒక ఆడమనిషి వచ్చిందన్న చోట అమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. మళ్లీ చదవమంది. చదివాను. మిల్లు దగ్గర షట్టరు కొట్టిన చప్పుడు దాకా కదలకుండా విన్నది. చివర్లో తనకు చదవవద్దని రాసింది కూడా చదివేశాను.

అప్పుడు అమ్మ చెప్పింది. "ఆ పొద్దు మీ అవ్వకు జరమని నిన్నెత్తుకొని మా ఊరికి పోయింటి. ఆ వామి మీ తాతది. బిందె పట్టుకొని ముందర నిలబడింది నేనేరా" అంది.

ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. "ఆ నీళ్లు గొడ్లు తాగినాయి. నేనూ తాగినా. నిద్దర్లో లేపి నీకూ తాపినా."

ఆ నీళ్ల రుచి నాకు గుర్తుందేమోనని ఈ మూడు రోజులుగా వెతుక్కుంటున్నాను. ఏమీ గుర్తు లేదు. అమ్మ అన్నం ముట్టలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది. గొర్రెలను నేనే తోలుకుపోతున్నాను. నువ్వు ఇన్నేళ్లు ఎవరిని కాపాడుతూ వచ్చావో ఇప్పుడు తెలిసింది, తెలిసేసరికి ఆ పని నా చేత్తో చెడగొట్టాను. నువ్వు చెప్పనందుకు చెన్నమ్మ పోయింది. నేను చెప్పినందుకు అమ్మ ఇలా అయింది. ఎప్పుడు చెప్పాలో ఎప్పుడు ఊరుకోవాలో మన ఇద్దరికీ తెలియలేదు. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఈ పొద్దున అమ్మ లేచింది. కుండలో నీళ్లు ముంచి మొహం కడుక్కుంది. నన్ను పిలిచి నీకు ఉత్తరం రాయమంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మా అన్నను రమ్మని రాయి. మాట్లాడే పని ల్యా. వచ్చి పక్కన కూర్చుంటే సాలని రాయి."

పామిడిలో పొద్దున ఎనిమిదికి బస్సు ఉంది. మన ఊరి క్రాస్ దగ్గర నేను నిలబడి ఉంటాను.

ఓబిలేష్.